ఫైబర్ పడవల్లో దాగిన కర్రకుళ్లు

గాజునారలను పాలియెస్టర్ రెజిన్ అనే జిగట ద్రవంలో తడిపి, అచ్చులో పొరమీద పొరగా పరచి గట్టిపడనిస్తే తయారయ్యే పదార్థమే ఫైబర్‌గ్లాస్. దానికి తుప్పు పట్టదు, చెదలు పట్టవు, అది కుళ్లదు. ఇదంతా నిజమే అయినా, 1960ల నుంచి 1980ల దాకా అమెరికాలో తయారై నేటికీ చేతులు మారుతున్న ఫైబర్ పడవలను కొనబోయేవారు మొదట అడగవలసిన ప్రశ్న కుళ్లు గురించే. పైకి నున్నగా మెరిసే ఆ పడవలలో బరువునూ కుదుపునూ మోసే భాగాలు చాలామటుకు కలపతో చేసినవి. ఫైబర్‌గ్లాస్ వాటికి తొడుగు మాత్రమే. తొడుగు చెక్కుచెదరకుండా ఉండగానే లోపలి కర్ర నల్లటి ముద్దగా మారిపోవడం, ఆ మార్పు ఏళ్ల తరబడి బయటికి తెలియకపోవడం ఈ పడవలకు ఉన్న ప్రత్యేకమైన చిక్కు.

ఈ కలప అక్కడికి ఎందుకు వచ్చిందో తెలియాలంటే కొంత చరిత్ర అవసరం. ఓహాయో రాష్ట్రంలోని టొలీడో నగరంలో రే గ్రీన్ 1942లో గాజునార, పాలియెస్టర్‌లతో ఒక చిన్న తెరచాప పడవను నిర్మించాడు. యుద్ధం ముగిశాక ఈ పద్ధతి వేగంగా వ్యాపించింది. 1959లో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో నిలిచిన పియర్సన్ ట్రైటన్ అనే 28 అడుగుల పడవ, విహారనౌకలను కార్ఖానాలో ఒకే అచ్చునుంచి వందల సంఖ్యలో తీయవచ్చునని రుజువు చేసింది. అయితే ఫైబర్‌గ్లాస్‌కు బలమున్నంతగా దృఢత్వం లేదు. విరగకుండా నిలిచే గుణం బలమైతే, వంగకుండా నిలిచే గుణం దృఢత్వం. పలుచని ఫైబర్ పలకను లాగితే తెగదు గాని, దానిపై మనిషి నిలబడితే కుంగుతుంది. మందం పెంచితే కుంగదు, కాని బరువూ ఖర్చూ పెరుగుతాయి.

దీనికి నిర్మాతలు కనిపెట్టుకున్న ఉపాయం శాండ్‌విచ్ నిర్మాణం. ఒక ఫైబర్ పలకను మందంలో సగానికి చీల్చి, ఆ రెండు పొరల నడుమ తేలికైన పదార్థాన్ని నింపి మొత్తం మందాన్ని రెట్టింపు చేస్తే, బరువు అంతగా పెరగకుండానే దృఢత్వం సుమారు ఏడు రెట్లవుతుంది. మందాన్ని నాలుగింతలు చేస్తే 37 రెట్ల దాకా పెరుగుతుంది. బరువు పడినప్పుడు పై పొర నొక్కుడును, కింది పొర లాగుడును భరిస్తుండగా, ఆ రెండూ ఒకదానిపై ఒకటి జారిపోకుండా నడిమి పొర పట్టి ఉంచుతుంది. డెక్‌లలో, అంటే మనుషులు నడిచే పైకప్పులలో, ఈ నడిమి పొరకు ఎక్కువగా వాడినది ఈక్వడార్ నుంచి వచ్చే బాల్సా చెక్క. ఘనమీటరుకు సుమారు 150 కిలోలే తూగే ఈ చెక్కను నారలు నిటారుగా ఉండేటట్టు చిన్న దిమ్మలుగా కోసి పరుస్తారు. నడిమి పొర చివికి పొరలను పట్టి ఉంచలేకపోయిన నాడు ఆ ఏడు రెట్ల దృఢత్వమంతా పోయి, విడివిడిగా వంగే రెండు పలుచని రేకులు మిగులుతాయి.

డెక్ కుంగితే కాలు జారుతుంది. ట్రాన్సమ్ కుంగితే మోటారే నీటిలో పడవచ్చు. పడవ వెనుక నిటారుగా ఉండే గోడకు ట్రాన్సమ్ అని పేరు. బయట బిగించే ఔట్‌బోర్డ్ మోటారు దానికే వేలాడుతుంది. 100 హార్స్‌పవర్ స్థాయి మోటారు బరువు సుమారు 150 కిలోలు ఉండగా, ప్రొపెల్లరు తోపు మొత్తం కూడా ఆ గోడ ద్వారానే పడవకు అందుతుంది. రెండు మూడు ప్లైవుడ్ పలకలను అతికించి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల మందం చేసి, దానికి ఇరువైపులా ఫైబర్ పొర వేయడం ఆనాటి సాధారణ పద్ధతి. పడవ అడుగున ముందునుంచి వెనుకకు సాగే దూలాలను స్ట్రింగర్లంటారు; ఇవీ కలపవే, వీటిమీదనే నేలపలక నిలుస్తుంది, లోపల అమర్చే ఇంజను కూడా వీటికే బిగుస్తుంది. కొందరు నిర్మాతలు దూలంపై ఫైబర్‌ను ఎంత మందంగా వేశారంటే, లోపలి కర్ర ఆకారం ఇచ్చే అచ్చుగా మాత్రమే మిగిలి, అది పోయినా పడవకు పెద్దగా నష్టం లేదు. చౌకరకం చిన్న పడవలలో ఈ భాగ్యం అరుదు.

కలపను కుళ్లబెట్టేది నీరు కాదు, శిలీంధ్రాలు. పుట్టగొడుగుల వర్గానికి చెందిన ఈ జీవుల సిద్ధబీజాలు, అంటే విత్తనాల పని చేసే సూక్ష్మకణాలు, గాలిలో ఎప్పుడూ తేలుతూనే ఉంటాయి కనుక వాటిని పడవలోకి రానీయకుండా ఆపడం అసాధ్యం. అవి మొలకెత్తి సన్నని తంతువులుగా కర్రలోకి పాకడానికి ఆహారంగా కలప, ఆక్సిజన్, సుమారు 10 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, తగినంత తేమ కావాలి. వీటిలో మొదటి మూడింటినీ పడవలో తప్పించలేము. మనిషి అదుపులో ఉన్నది తేమ ఒక్కటే.

పూర్తిగా ఎండిన కర్ర బరువుతో పోల్చి కలపలోని నీటిని శాతంగా చెబుతారు. అందువల్లనే నీరు పీల్చిన బాల్సాలో తేమ నూరు శాతం దాటడం వింత కాదు. బాగా ఆరిన కర్రలో ఇది 12 నుంచి 15 శాతం వరకు ఉంటుంది, 20 శాతానికి లోబడి ఉన్నంతకాలం శిలీంధ్రం ఎదగలేదు. సుమారు 28 నుంచి 30 శాతం వద్ద కర్రకణాల గోడలు ఇక పీల్చుకోలేనంతగా తడుస్తాయి. నార సంతృప్త స్థానం అనే ఈ హద్దు దాటి కణాల ఖాళీలలో నీరు విడిగా నిలవడం మొదలైతే కుళ్లు ఊపందుకుంటుంది. అయితే ఆ ఖాళీలన్నీ నీటితో పూర్తిగా నిండిపోతే గాలికి చోటుండదు గనుక కుళ్లు ఆగిపోతుంది. బురద అడుగున శతాబ్దాలు మునిగి ఉన్న ఓడల కలప చెడకుండా దొరకడానికి ఇదొక కారణం. కాబట్టి పడవలోని కర్రకు గండం పూర్తి తడిలోనూ లేదు, పూర్తి పొడిలోనూ లేదు, ఆ రెండూ కలిసే అంచులో ఉంది. ఒక స్క్రూ చుట్టూనో, ఒక గొట్టం రంధ్రం అంచునో మొదలైన కుళ్లు, తడి వ్యాపించినకొద్దీ ఆ అంచు వెంబడే లోపలికి జరుగుతుంది.

అమెరికా ప్లైవుడ్‌లో విరివిగా వాడిన డగ్లస్ ఫర్ వంటి సూదిమొన ఆకుల చెట్ల కలపను ఎక్కువగా నాశనం చేసేది గోధుమ కుళ్లు. కలప గోడలలో దారాలవంటి సెల్యులోజ్, దాన్ని చుట్టి ఉండే హెమీసెల్యులోజ్, రెండింటినీ బంధించే లిగ్నిన్ అని మూడు ముఖ్య పదార్థాలు ఉంటాయి. గోధుమ కుళ్లు శిలీంధ్రం మొదటి రెండింటినీ తిని లిగ్నిన్‌ను మిగులుస్తుంది. ముదురు గోధుమ రంగులో, గళ్లుగళ్లుగా పగిలి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యే కర్ర అలా మిగిలిన లిగ్నినే. ఈ శిలీంధ్రం ఎంజైములు, అంటే జీర్ణరసాల వంటి ప్రోటీన్లు, కణగోడలోని ఇరుకు సందులలో దూరలేనంత పెద్దవి. అందుకని అది ముందుగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారుచేసి, కలపలో స్వల్పంగా ఉండే ఇనుముతో దానిని చర్యకు గురిచేసి, హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే అత్యంత చురుకైన కణాలను పుట్టిస్తుంది; ఇవి గోడలోకి చొరబడి సెల్యులోజ్ గొలుసులను అక్కడక్కడ తెంచేస్తాయి. గొలుసు ఒక్కచోట తెగినా దారం బలం పోతుంది గాని బరువు తగ్గదు. కర్ర బరువు ఐదు నుంచి పది శాతం తగ్గేసరికే దాని బలంలో సగానికి పైగా పోయి ఉండటానికి కారణమిదే, కంటికి రంగు మార్పు కూడా సరిగా కనబడని దశ అది. పాత పడవను పరీక్షించేవారు గుర్తుంచుకోవలసిన అంశాలలో దీనికి మించినది లేదు.

ఇక నీరు లోపలికి వచ్చే దారులు. ఫైబర్ పలక గుండా నీరు నేరుగా కారదు. మనుషులు చేసిన రంధ్రాల గుండానే వస్తుంది. మోటారు బోల్టులు, తాడు కట్టే కొక్కేలు, నిచ్చెన మరలు, చేపలను వెతికే సోనార్ పరికరపు స్క్రూలు, కుర్చీల కాళ్లు ప్రతి ఒక్కటీ తొడుగును చీల్చి కర్రను తాకుతాయి. చుట్టూ పూసిన సీలెంట్ కొన్నేళ్లకు ఎండి పగులుతుంది. అన్నిటికంటె చెడ్డది ట్రాన్సమ్ అడుగున నీరు బయటికి పోవడానికి పెట్టిన రంధ్రం: అందులో ఇత్తడి గొట్టం దూర్చి, కోసిన ప్లైవుడ్ అంచును అలాగే వదిలేసిన పడవలు కోకొల్లలు. స్ట్రింగర్లకు అడుగున నీరు పారడానికి కోసిన తూములదీ అదే కథ. పాలియెస్టర్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోవడం వల్ల కలపతో దాని పట్టు మొదటినుంచీ అంతంతమాత్రమే. ఒకసారి చేరిన నీరు ఆ సందు వెంబడి సాగుతుంది. ఇరువైపులా మూసుకున్న కర్రకు ఆరే దారి ఉండదు కనుక, బయట కలప ఒక ఎండకు ఆరేంత తడి ఇక్కడ నెలల తరబడి నిలిచిపోతుంది.

సముద్రంలో తిరిగిన పడవకంటె పెరట్లో పడి ఉన్న పడవను ఎక్కువగా అనుమానించాలి. ఉప్పు శిలీంధ్రాలకు గిట్టదు. పూర్వం కర్ర ఓడలు కట్టేవారు చట్రపు దుంగల మధ్య ఉప్పు నింపడం ఈ ఎరుకతోనే. వాననీటిలో ఉప్పు లేదు. పైకప్పు లేకుండా ట్రైలరు మీద నాలుగు వానాకాలాలు నిలిచి, అడుగున ఆకులతో పాటు నీరు మగ్గిన పడవ ఒక్క రోజు కూడా నీటిలో తిరగకుండానే చివికిపోగలదు. అమ్మేవారు గొప్పగా చెప్పే ‘తక్కువ వాడిన పడవ’ అన్న మాట ఈ విషయంలో హామీ కాదు. ‘మెరైన్ ప్లైవుడ్’ అన్న మాట కూడా అంతే. ఉదాహరణకు బీఎస్ 1088 అనే బ్రిటిష్ ప్రమాణం నీటికి ఊడని జిగురును, లోపాలు తక్కువైన పొరలను కోరుతుంది గాని, కుళ్లదన్న భరోసా ఇవ్వదు.

పరీక్షా పద్ధతులలోకి వెళ్లేముందు ఒక విషయం స్పష్టం కావాలి: బయటినుంచి చేసే ఏ పరీక్షా కుళ్లును చూడదు. తట్టి వినడం పొరల పట్టును తెలుపుతుంది, తేమ మీటరు నీటిని తెలుపుతుంది, ఊపి చూడటం దృఢత్వాన్ని తెలుపుతుంది. ఇవన్నీ కుళ్లుతో పాటు సాధారణంగా కనిపించేవే అయినా కుళ్లు మాత్రం కావు. ఒక్క పరికరాన్ని నమ్ముకున్నవారు మంచి పడవను వదులుకోవడమో చెడ్డ పడవను కొనడమో జరిగేది ఇక్కడే.

మొదటిది వయసు. అమెరికాలో 1972 నవంబరు 1 తర్వాత తయారైన పడవలన్నిటికీ 12 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య తప్పనిసరి. ట్రాన్సమ్ కుడివైపు పైభాగాన అది ఉంటుంది, తయారైన కాలం దానివల్ల తెలుస్తుంది. తర్వాత కన్ను. ఫైబర్‌గ్లాస్‌పై మెరుపునిచ్చే పలుచని పూతను జెల్‌కోట్ అంటారు. ట్రాన్సమ్ మూలలలో, మోటారు బోల్టుల చుట్టూ ఈ పూతపై సన్నని పగుళ్లు ఒకచోటునుంచి నలువైపులకూ విచ్చుకుని ఉంటే, లోపలి భాగం అవసరానికి మించి వంగుతున్నదని అర్థం. బోల్టు కింది వాషరు ఫైబర్‌లోకి దిగబడి ఉండటం ఇంకా గట్టి సూచన, ఎందుకంటే గట్టి కర్ర అంత నలగదు. స్క్రూ తలల కింద గోధుమరంగు చారలు, ట్రాన్సమ్ బయటివైపు ఉబ్బు, మోటారు వెనక్కి వాలి ఉండటం, వాన లేని రోజున కూడా ఏదో రంధ్రం నుంచి ముదురురంగు నీరు ఊరడం వరుసగా మరింత చెడ్డ గుర్తులు. కొత్తగా రంగు వేసిన నేల, అవసరం లేని చోట పరచిన కొత్త తివాచీ కూడా ప్రశ్నలు అడగడానికి తగిన కారణాలే.

తర్వాత పాదం. డెక్‌పైనా నేలపైనా మడమ మోపుతూ అడుగడుగునా నడిచి చూడాలి. కుర్చీ కాళ్ల చుట్టూ, గోడ పక్కన, వెనుక మూలలలో మెత్తదనం ముందుగా తెలుస్తుంది. ట్రాన్సమ్‌కు మోటారే మీటకర్రగా పనికివస్తుంది. మోటారును కొద్దిగా పైకి లేపి, దాని కింది భాగాన్ని పట్టుకుని నెమ్మదిగా పైకీ కిందికీ ఒకరు ఊపుతుండగా, ట్రాన్సమ్ పక్కగోడలను కలిసే అంచును, మోటారు ముందు చిందే నీటిని పట్టే తొట్టె మూలలను మరొకరు చూడాలి. మోటారు దాని బిగింపులలో కొంత కదలడం సహజం. గోడ కదలడం సహజం కాదు. కంటికి కనిపించేంతగా గోడ వంగితే మిగతా పరీక్షలు ఎంత నష్టం జరిగిందో తెలుసుకోవడానికే తప్ప, జరిగిందో లేదో తేల్చడానికి అక్కరలేదు.

అనుభవజ్ఞులైన సర్వేయర్లు, అంటే కొనేవారి తరఫున పడవను పరిశీలించే నిపుణులు, ఎక్కువసేపు చేసే పని తట్టి వినడం. చిన్న ప్లాస్టిక్ సుత్తితోనో, స్క్రూడ్రైవర్ పిడితోనో రెండంగుళాల ఎడంలో వరుసగా తడుతూ పోతారు. సంతలో కుండ కొనేవారు వేలి కణుపుతో కొట్టి చూసినట్టే ఇదీ: గట్టి చోట ఖంగుమని, చెడిన చోట బొద్దుమని పలుకుతుంది. పలక కంపించే వేగం దాని దృఢత్వం పెరిగితే పెరుగుతుంది, బరువు పెరిగితే తగ్గుతుంది. పొరలు విడిపోయినచోట పైపొర ఒక్కటే పలుచని రేకులా కంపించి శబ్దం లోతుగా వస్తుంది. కర్ర తడిసి మెత్తబడినచోట కంపనశక్తిని అది పీల్చేసుకోవడం వల్ల శబ్దం పుట్టగానే చస్తుంది. అయితే తయారీనాడే జిగురు అందక మిగిలిన గాలి ఖాళీ కూడా బొద్దుమనే పలుకుతుంది. ఫైబర్ మందంగా ఉన్నచోట లోపలి కుళ్లు వినబడకపోవచ్చు. కాబట్టి ఒక్క చప్పుడుకు అర్థం లేదు; పడవ రెండు పక్కలా ఒకే స్థానాలను పోల్చుకుంటూ, శబ్దం మారిన చోట పెన్సిలుతో గీస్తూ పోతే, చివరకు ఆ గీతల మధ్య ఏర్పడే ఆకారానికి అర్థం ఉంటుంది. మచ్చ ఒక స్క్రూ చుట్టూ ఉందా, అడుగు రంధ్రం నుంచి పైకి పాకిందా అన్నది అప్పుడు బోధపడుతుంది.

తేమ మీటరు మీద ఉన్న గురి అవసరానికి మించినది. పడవలకు వాడే రకం మీటరులో సూదులుండవు. దాని అడుగున ఉన్న రెండు పలకల మధ్య విద్యుత్ క్షేత్రం ఏర్పడి, ఫైబర్ గుండా కొంత లోతుకు చొచ్చుకుపోతుంది. విద్యుత్ క్షేత్రంలో ఉంచిన పదార్థం ఎంత విద్యుదావేశాన్ని నిలపగలదో చెప్పే సంఖ్యను రోధక స్థిరాంకం అంటారు. ఎండిన కలపకు అది రెండు మూడు, ఫైబర్‌గ్లాస్‌కు నాలుగైదు ఉండగా నీటికి సుమారు 80. ఈ పెద్ద తేడా వల్ల కొద్దిపాటి నీరు చేరినా ముల్లు కదులుతుంది. కాని గోడవెనుక లోహపు పలకో, ఇంధనపు ట్యాంకో, పైన రాగి కలిసిన రంగో, ఉదయపు మంచో ఉన్నా ముల్లు అలాగే కదులుతుంది. ముల్లు చూపే అంకె చాలా మీటర్లలో నిజమైన తేమశాతం కాదు, పోలికకు పనికివచ్చే కొలత మాత్రమే. వీటన్నిటికంటె ముఖ్యమైనది, తడి కర్రలన్నీ కుళ్లినవి కావు, కుళ్లిన కర్రలన్నీ తడిగా ఉండవు. ఏడాదిపాటు కొట్టంలో ఆరిన పడవ ట్రాన్సమ్ లోపల పొడిపొడి అయిన ప్లైవుడ్ ఉన్నా మీటరు దానిని మంచి కర్రగానే చూపుతుంది.

ఇటీవల పరారుణ కెమెరాలు, అంటే వస్తువుల ఉష్ణోగ్రతను రంగులుగా చూపే పరికరాలు కూడా ఈ పనికి వస్తున్నాయి. నీటికి వేడిని నిలుపుకునే గుణం ఎక్కువ కనుక, పగలంతా ఎండలో ఉన్న డెక్ సాయంత్రం చల్లబడుతుండగా తడి ఉన్న చోట్లు కాసేపు వెచ్చగా మిగిలి కెమెరాలో మచ్చలుగా కనిపిస్తాయి. విశాలమైన డెక్‌పై నీరు ఎంతదూరం పాకిందో ఒక్క చూపులో తెలుసుకోవడానికి ఇది చక్కటి సాధనం. మందమైన ట్రాన్సమ్‌కు అంతగా కొరగాదు. కేవలం బరువు తూచడం కూడా చెప్పగలిగింది చాలానే ఉంది: నేల కింద తేలడానికి నింపిన నురుగు ఏళ్లతరబడి నీరు పీల్చి ఉంటే, వేబ్రిడ్జి మీద పడవ తూకం తయారీదారు చెప్పిన బరువుకంటె వందల కిలోలు ఎక్కువ రావచ్చు. అంత నీటిమధ్య స్ట్రింగర్లు క్షేమంగా ఉన్నాయనుకోవడం అత్యాశ.

చివరకు కర్రను చూడక తప్పదు. ముందుగా ఉన్న రంధ్రాలనే వాడుకోవాలి: ట్రాన్సమ్ అడుగుభాగంలో ఉన్న ఏదైనా స్క్రూను విప్పి చూస్తే, అది గట్టిగా పట్టి వచ్చిందా, పట్టు లేక తిరుగుతూనే ఉందా, మర గాళ్లలో అంటుకున్నది లేతరంగు కర్రా, నల్లటి బురదా అన్నవి వెంటనే తెలుస్తాయి. ఆ రంధ్రంలో దబ్బనం వంటి మొనదేలిన పుల్లతో పొడిచి, ఎంత సులువుగా దిగుతుందో చూడవచ్చు. అనుమానం మిగిలితే డ్రిల్లుతో సన్నని రంధ్రం వేయాలి. ఇది యజమాని అనుమతితోనే చేయవలసిన పని. బయటి ముఖం చెడకుండా లోపలివైపు నుంచి, వెనుక పొరను చీల్చకుండా డ్రిల్లు పుల్లకు లోతు గుర్తుగా టేపు చుట్టి, నీరు మొదట చేరే అడుగుభాగంలో వేయాలి. లేతరంగు పొట్టు చుట్టలుచుట్టలుగా పొడిగా రాలితే కర్ర బాగున్నట్టు. ముదురురంగు పొట్టు తడిగా పుల్లకు అంటుకుని, మగ్గిన వాసన వస్తూ, పుల్ల తన బరువుకే దిగిపోతున్నట్టు అనిపిస్తే వాదించడానికి ఏమీ లేదు. పొట్టు తడిగా ఉన్నా లేతరంగులో గట్టిగా ఉంటే నీరు వచ్చింది, శిలీంధ్రం ఇంకా రాలేదు; దారి మూసి ఆరబెడితే ఆ పడవ దక్కుతుంది. ఈ మూడవ స్థితిని గుర్తించగలిగేది ఒక్క డ్రిల్లే.

కుళ్లు తేలిన తర్వాత అది ఎక్కడుందన్నదే ధరను నిర్ణయిస్తుంది. డెక్‌లో అరచేయంత మచ్చ పెద్ద విషయం కాదు. పైపొరను కోసి, చెడిన చెక్క తీసి, కొత్తది పెట్టి మూయవచ్చు. ట్రాన్సమ్ మొత్తం మార్చాలంటే మోటారు దించి, లోపలిపొర కోసి, ప్లైవుడ్ అంతా తొలిచి తీయాలి. స్ట్రింగర్లకు నేలంతా పెకలించాలి. ఇరవై అడుగుల పాత పడవకు ఈ కూలి పడవ విలువను మించడం మామూలే. చిన్న రంధ్రాలు వేసి పలుచని ఎపాక్సీ రెజిన్ పోస్తే కుళ్లిన కర్ర మళ్లీ గట్టిపడుతుందన్న ప్రచారం ఉంది. తడి కర్రలోకి ఎపాక్సీ సరిగా ఇంకదు, ఇంకినమేరకు గట్టిపడినా తెగిపోయిన సెల్యులోజ్ దారాలు తిరిగి అతుక్కోవు. మోటారును మోసే చోట ఈ చిట్కా పనికిరాదు.

ఇదంతా అమెరికా పెరటి పడవలకే పరిమితమైన సంగతి కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం, తూర్పు తీరపు కెరటాలను దాటి ఇసుక ఒడ్డుకు చేరగల ఫైబర్ పడవలను రూపొందించింది. 2004 సునామీ తర్వాత ఆంధ్ర తీరంలో కర్ర పడవలు, దుంగ తెప్పల స్థానంలో ఫైబర్ పడవలు, ఫైబర్ తెప్పలు మరింత విరివిగా వచ్చాయి. మోటారు బిగించే పలకలో, ఇంజను దిమ్మెలలో కలపను ఇమిడ్చి పైన ఫైబర్ వేసే పద్ధతి ఇటువంటి పడవలలోనూ ఉంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక విజ్ఞాన సంస్థ చౌకైన రబ్బరు చెట్టు కలపతో పడవలు చేసినప్పుడు, దానికి ముందుగా కుళ్లునిరోధక రసాయనాలు ఎక్కించి ఆ తర్వాతే ఫైబర్ తొడుగు వేసింది. తొడుగు ఒక్కటే కలపను కాపాడదని తెలిసి చేసిన పని అది. ఉప్పునీరు కొంత కాపాడినా, ఒడ్డున వానకు తడిసే పడవలకు ఆ రక్షణ ఉండదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు యాంత్రిక వేటకు నిషేధం ఉంటుంది. పడవలు ఒడ్డున ఉండే ఆ ఎండాకాలం ఈ పరీక్షకు దొరికే మంచి అదను. ఫైబర్ పడవ ఉన్న ప్రతివారూ ఆ రోజుల్లో మోటారు పలకకున్న అడుగు బోల్టునొక్కదాన్ని విప్పి, లోపలి కర్ర రంగూ గట్టిదనమూ చూసి, అది బాగుంటే ఆ రంధ్రపు అంచుకు ఎపాక్సీ పట్టించి కొత్త సీలెంట్‌తో తిరిగి బిగించుకోవాలి. మెత్తగా ఉంటే పలక మార్చేదాకా ఆ పడవను వేటకు దింపకూడదు.